నాలుగో నంబరు గాలి

లక్ష్మీనర్సమ్మ పోయిన పదకొండో రోజున ముత్యాలమ్మ గుడి ముందు తడిబట్టలతో నిలబడి వీరేశం ప్రమాణం చెయ్యాలని కేతేపల్లి పెద్దమనుషులు తీర్పు చెప్పారు. చెప్పినవాళ్ళకేం, తువ్వాలలు దులిపి భుజాన వేసుకుని ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. చెయ్యవలసినవాడికి మూడు రోజుల గడువు మిగిలింది.

ప్రమాణం పెద్దదేమీ కాదు. "లక్ష్మీనర్సమ్మను దవాఖానకు తోల్కపోతుంటె నేను ఏసీ బంద్ చెయ్యలే." అంతే. బడికి పోని పిల్లవాడైనా తడబడకుండా అప్పజెప్పగలడు. ఆ ఒక్క మాట అంటే ఊళ్ళో మళ్ళీ అతని కారు ఎక్కుతారు. అనకపోతే ఎవరూ ఎక్కరు. ఇప్పటికే ఒక పెళ్ళి కిరాయి, ఒక యాదగిరిగుట్ట కిరాయి తప్పిపోయాయి. మరి అనడానికేం అంటారా? వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. బంద్ చేశాడో లేదో వీరేశానికే తెలియదు.

ఏసీ ఫ్యాను ఆగిన మాట నిజం. మే నెల, మిట్టమధ్యాహ్నం. వడదెబ్బ తగిలిన ముసలామె వెనక సీట్లో కూతురు నాగరాణి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ముందు సీట్లో ముసలామె మొగుడు కురుమయ్య. నకిరేకల్ దాటి నల్లగొండ తొవ్వ పట్టాక ఎత్తు వచ్చింది, లారీలు అడ్డం వచ్చాయి, హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కారు లోపల కుంపటిలా అయ్యాకనే ఫ్యాను చప్పుడు లేదని తెలిసింది. నాబు తిప్పి చూసే తీరిక ఎక్కడిది? అద్దాలు దించాడు. వడగాలి లోపలికి కొట్టింది. "అల్లుడా, గాలి" అన్నది లక్ష్మీనర్సమ్మ. రెండోసారి "గాలి" అని మాత్రమే అన్నది. దవాఖాన గేటు దగ్గర ఆ మాట కూడా లేదు.

మరునాడు పొద్దున కారు చాలు చేసి నాబు నాలుగుకు తిప్పితే ఫ్యాను నిక్షేపంగా తిరిగింది. ఆమె కొడుకు మల్లికార్జున్ అప్పుడు పక్కనే ఉన్నాడు. ఫ్యాను వంక చూశాడు, వీరేశం వంక చూశాడు. వెనక్కి తిరిగి పోయాడు. మూడో రోజున పిట్టకు పెట్టారు. ఆమెకు ఇష్టమైన తలకాయ కూర, కల్లు, రెండు గారెలు విస్తరిలో పెట్టి దూరంగా నిలబడితే కాకి వచ్చింది, చెట్టు మీద కూర్చుంది, దిగలేదు. గంట చూశారు. మల్లికార్జున్ అందరి ముందూ అరిచాడు. "ఎట్ల ముడుతది? మా అవ్వ గాలి గాలి అనుకుంట పాయె. డీజిల్ మిగులుతదని గీ మనిషి ఏసీ బంద్ చేసిండు!" నిన్నటి దాకా ఊరి వరసన "బావా" అని పిలిచినవాడు "గీ మనిషి" అన్నాడు. వీరేశం గుండెలో పడ్డ దెబ్బ అదే.

కాదని గట్టిగా అరవచ్చు. అరవలేకపోయాడు. ఎత్తు వచ్చినప్పుడు ఇంజను గుంజలేదని ఫ్యాను నాబును సున్నాకు తిప్పడం అతనికి పదేళ్ళ అలవాటు. కిరాయి బండ్లు నడిపే సగం మందికి ఉన్నదే. ఎత్తు దాటాక మళ్ళీ నాలుగుకు తిప్పుతాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, మనసుకు చెప్పదు. ఆ రోజు కూడా చెప్పకుండా పోయిందా?

అందుకని ఎనిమిదో రోజు పొద్దున్నే రేకుల షెడ్డు కింద కారు తలుపులన్నీ తెరిచి, గోనెసంచి పరుచుకుని పడుకుని, తల డ్యాష్‌బోర్డు కిందకు దూర్చాడు. ఫ్యానులో లోపం దొరకాలి. దొరికితే చెయ్యి తప్పు లేదు, ధైర్యంగా ప్రమాణం చెయ్యవచ్చు.

భార్య శోభ గడపలో కూర్చుని చింతకాయలు కొడుతున్నది. "పొద్దుగాల్నే ఏం పెట్టుకున్నవ్?"

"ఫ్యాను చూస్తున్న."

"మంచిగనే తిరుగుతాంది గదా."

"గందుకే చూస్తున్న. గింత మంచిగ తిరిగేది గా దినం ఎందుకు ఆగింది?"

"ఆగిందో, నువ్వే..." అని శోభ నాలుక కరుచుకుంది. సుత్తె రెండుసార్లు ఊరికే బండ మీద పడింది.

నకిరేకల్‌లో కార్ల కరెంటు పని చేసే యాదగిరికి ఫోన్ కలిపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బండి తోల్కరా అన్నా అన్నాడు యాదగిరి. తోల్కరాను, నా చేత్తో నేనే చూడాలె, నువ్వు చెప్పు అన్నాడు వీరేశం. యాదగిరికి విషయం తెలుసు. మళ్ళీ అడగలేదు.

ముందు ఫ్యూజు. స్టీరింగ్ కింద మూత పీకి, ఫ్యూజును గోళ్ళతో లాగి ఎండకు పెట్టి చూశాడు. లోపలి తీగ తెగలేదు. తరువాత కరెంటు. పాత ఇండికేటరు బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి బాడీకి ఆనించి, రెండోది ఫ్యానుకు పోయే తీగకు గుచ్చి, నాబును నాలుగుకు తిప్పాడు. బల్బు భగ్గున వెలిగింది. తీగలను ఒక్కొక్కటే వేళ్ళతో ఊపాడు, గుంజాడు, మెలిపెట్టాడు. లూజు ఉంటే బల్బు రెప్ప కొట్టాలి. కొట్టలేదు. బాడీకి బిగించిన ఎర్తు బోల్టు విప్పి గరుకు కాగితంతో గీకి మళ్ళీ బిగించాడు. ఇంజను నడుస్తుండగా గంటన్నర సేపు నాలుగు మీద వదిలేసి, చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆగు, ఒక్కసారి ఆగు అని మనసులో బతిమాలాడు. అది ఆగితే కదా! అంత ఆరోగ్యంగా తిరిగే ఫ్యానును చూసి కడుపు మండినవాడు నల్లగొండ జిల్లాలో ఇంకొకడు ఉండి ఉండడు.

తొమ్మిదో రోజు మోటారునే బయటికి తీశాడు. ముందు సీటు ఎదుట కాగితాలు పెట్టుకునే అరను ఊడబీకితే వెనక డబ్బాలాంటిది కనిపిస్తుంది. మూడు స్క్రూలు. మూడోది చెయ్యి పట్టని చోట ఉంది, అద్దం ముక్క పెట్టి చూస్తూ విప్పాడు. ఉడుత చక్రం లాంటి ఫ్యాను చేతిలోకి వచ్చింది. దాని రెక్కల మధ్య మట్టి, వేపపూత, ఒక చాక్లెట్ కాగితం. పాత పళ్ళ బ్రష్షుతో రెక్క రెక్కా తోమాడు. బ్యాటరీ నుంచి రెండు తీగలు నేరుగా తెచ్చి మోటారుకు తగిలించాడు. కోడిపుంజులా చేతిలో ఎగిరింది. తీగ తీసేశాడు. చక్రం వెంటనే ఆగలేదు. మెల్లగా, ఇంకా మెల్లగా తిరుగుతూ, చివరన సన్నగా ఊపిరి వదిలినట్టు ఒక చప్పుడు చేసింది.

అల్లుడా, గాలి.

వీరేశం మోటారును గోనెసంచి మీద పెట్టి లేచి నిలబడ్డాడు. వెనక సీటు వైపు చూడలేదు. ఎనిమిది రోజులుగా చూడడం లేదు. లోపలి అద్దాన్ని కూడా కప్పు వైపుకు తిప్పి పెట్టాడు. ఎండలో ఒళ్ళంతా చెమటలు కారుతుంటే వీపు మాత్రం జల్లుమంటున్నది.

"ఏమాయె?" అంటూ శోభ వచ్చింది.

"అంత మంచిగనే ఉన్నది. ఏం ఖరాబు లేదు. నేనే ఆపిన."

"ఆపినా ఆపలేదని చెప్పు. ఎవలు చూసిన్రు?"

"అత్త చూసింది" అన్నాడు.

శోభ ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్లలిద్దరూ సెలవులకు కట్టంగూర్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉన్నారు. వాళ్ళు ఇక్కడ లేనందుకు మొదటిసారి సంతోషించింది. తరువాత కోపం వచ్చింది. "తడిబట్టలతోని అబద్ధమాడితే ఇల్లు ఆగమైతది. ఒట్టు పెట్టకుంటె బతుకు ఆగమైతది. నువ్వొక్కనివే గాదు, మేం గూడ ఉన్నం, యాదున్నదా?" అని, చింతపండు గంప ఎత్తుకుని లోపలికి పోయింది.

పదో రోజు ఎటూ పాలుపోక, విప్పినవన్నీ మళ్ళీ బిగించాడు. రేపు పొద్దున గుడి ముందుకు పోయి, నేనే ఆపిన, ఏం చేస్తరో చేసుకోండ్రి అనడమే అనుకున్నాడు. అనుకున్నాక చేతులకు కొంచెం నెమ్మది వచ్చింది. శోభను పిలిచాడు. "జర ముందుగాల కూసో. గాలి మంచిగ వస్తాందో లేదో చూడు."

శోభ ముందు సీట్లో, ఎడమ పక్కన కూర్చుంది. వీరేశం బయట బానెట్ ఎత్తి నిలబడి, తిప్పు నాలుగుకు అన్నాడు. తిప్పింది. బుస్సుమని గాలి వచ్చింది. తోమినా మిగిలిన మట్టి అంతా ఆమె మొహాన కొట్టింది.

"అబ్బ! థూ!" అన్నది. అంతలో ఫ్యాను ఆగిపోయింది.

వీరేశం బానెట్ కింద నుంచి తల ఎత్తాడు. "బంద్ ఎందుకు చేసినవ్?"

"బంద్ చెయ్యలే. మన్ను కండ్లల్ల పడ్డదని తక్కువ చేసిన."

"ఎంతకు?"

"నాకేం ఎరుక? గిదో, రెండు మీద ఉన్నది."

వీరేశం పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి తల పెట్టి చూశాడు. నాబు గీత రెండు మీద ఉంది. ఫ్యాను కదలడం లేదు. మూడుకు తిప్పాడు. లేదు. ఒకటి. లేదు. నాలుగు. బుస్సుమన్నది.

ఆ కారు కొని నాలుగేళ్ళు. నాలుగేళ్ళలో అతని చెయ్యి ఒకటి, రెండు, మూడు మీద ఒక్కనాడూ ఆగలేదు. జనం ఎక్కితే నాలుగు, దిగితే సున్నా, ఎత్తు వస్తే సున్నా. మధ్యలో మూడు నంబర్లు ఉన్నాయని, అవి చచ్చిపోయాయని అతనికెలా తెలుస్తుంది? రెండు రోజుల పరీక్షలన్నీ నాలుగు మీదే చేశాడు. తల బాదుకోవాలనిపించింది.

యాదగిరికి ఫోన్ చేస్తే అవతల పకపక నవ్వాడు. "గది రెసిస్టరు అన్నా. నాలుగు మీద కరెంటు సీదా మోటారుకు పోతది, దాన్ని ముట్టదు. తక్కువ నంబర్లకు దాంట్లకెల్లే పోవాలె. అది కాలితె నాలుగొక్కటే పని చేస్తది. మోటారు పక్కపొంటి రెండు స్క్రూలు ఉంటయి చూడు."

ఉన్నాయి. విప్పి లాగితే అరచేతిలో పట్టేంత పలక వచ్చింది. దాని మీద స్ప్రింగుల్లా చుట్టిన మూడు తీగలు. మధ్యలో చిన్న అతుకు కరిగి ఊడి, చుట్టూ నల్లగా మసి పట్టింది. ఆ మసి నిన్నటిది కాదు. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. వీరేశం బండెక్కి నకిరేకల్ పోయి యాదగిరి దగ్గర కొత్తది తెచ్చి బిగించాడు. ఒకటి మీద పిల్లగాలి, రెండు మీద కొంచెం జోరు, మూడు, నాలుగు. నాలుగు రకాల గాలి. నాలుగేళ్ళలో మొదటిసారి వింటున్నాడు.

సీట్లో వెనక్కి వాలాడు. తన చెయ్యి కాదు! తన చెయ్యి సున్నాకు పోతే ఎత్తు దాటాక నాలుగుకు తప్పకుండా వస్తుంది, ఆ జోడు ఎన్నడూ విడలేదు. ఆ రోజు ఎవరో గాలి తగ్గించారు. తగ్గించబోతే ఆగిపోయింది. వెనక ఉన్న నాగరాణికి నాబు అందదు. ముందు సీట్లో, ఇప్పుడు శోభ కూర్చున్న చోట, కురుమయ్య కూర్చున్నాడు.

దొరికిండు అనుకున్నాడు వీరేశం. సంతోషమేసింది. ముసలాయన మీద జాలి తరువాత ఎప్పుడో వచ్చింది గానీ, ముందు మాత్రం సంతోషమే. శోభకు చెప్పాడు. ఆమె చేతులెత్తి ముత్యాలమ్మకు దండం పెట్టుకుంది. కాలిన పలకను జేబులో వేసుకుని, పొద్దు వాలకముందే కురుమయ్యను వెతుక్కుంటూ పోయాడు.

కురుమయ్య ఇంట్లో లేడు. దినాలు కాకముందే ముసలాయన గొర్ల దగ్గరికి పోయిండేంది అని వాడకట్టు వాళ్ళు అనుకుంటున్నారు. కోసిన మడిలో మంద ఆపి ఉంది. ఒక గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పెరిగిన గిట్టను చిన్న కత్తితో చెక్కుతున్నాడు ముసలాయన. వీరేశాన్ని చూసి కూడా కత్తి ఆపలేదు. చెక్కింది ఊది, వేలితో తడిమి, ఇంకో గిట్ట పట్టుకున్నాడు.

"మామా" అని వీరేశం పలకను అతని ముందు పెట్టాడు. "ఫ్యాను ఎందుకు ఆగిందో దొరికింది. నాబు నాలుగు మీదికెల్లి ఎవలో తక్కువకు తిప్పిన్రు."

గొర్రె విదిలించుకుని పోయింది. కురుమయ్య దాన్ని పట్టుకోలేదు.

"నేనే తిప్పిన" అన్నాడు.

ఇంత తొందరగా అంటాడని వీరేశం అనుకోలేదు. గట్టిగా అడగడానికి తొవ్వంతా కూడబలుక్కున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి.

"ఎనకకెల్లి చలి అన్నది. జ్వరం గదా, వణుకుతాంది. ఇంకోపాలి గూడ అన్నది. నువ్వు లారీవోనితోని కొట్లాడుతున్నవ్. బండి ఎక్కంగనే నువ్వు గుండీ ఇట్ల తిప్పితె గాలి వచ్చింది గదా, అటు తిప్పితె తగ్గుతదనుకున్న. జరంతనే తిప్పిన వీరేశం. అది మొత్తమే నోరు మూసుకున్నది."

"మళ్ళ ఇటు తిప్పకపోతివా?"

"ఆమె ఊకున్నది. చలి అనుడు బంద్ చేసింది. సుఖమైంది కావచ్చనుకున్న. ఎనక గాలి అనేటాలకు నువ్వు అద్దాలు దించే ఉన్నవ్." కత్తిని గడ్డి మీద తుడిచాడు. ఇటు తుడిచి, అటు తుడిచి, మళ్ళీ ఇటు తుడిచాడు. "ఇంట్ల పంటె ఇంకా చలి అంటనే ఉంటది. గందుకే గీడికి వచ్చిన. గొర్ల నడుమ పంటె జర ఇనవడది."

వీరేశం నేల మీద కూర్చున్నాడు. తనకు గాలి, ఈయనకు చలి. ఒకే మనిషి, ఒకే కారులో, ఇద్దరికి రెండు మాటలు చెప్పి పోయింది. పక్కనున్న మనిషి తనలాగే నిద్ర లేకుండా ఉన్నాడని తెలిసి కూడా కరగకుండా, "మరి మల్లికార్జున్ నన్ను అంటుంటె ఎందుకు చెప్పలే?" అని అడిగాడు.

"భయపడ్డ" అన్నాడు కురుమయ్య. "వానికి వాళ్ళవ్వ అంటే పానం. తెలిస్తె నా మొఖం జూడడు. ఇంకెన్నొద్దులు బతుకుత నేను? గా కొన్నొద్దులు కొడుకు మొఖం చూడాలనుకున్న. తప్పే. నీ కడుపు కొట్టిన." తలకు చుట్టిన రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "రేపు గుడి కాడ నేనే చెప్త. నువ్వు నీళ్ళు గుమ్మరిచ్చుకోకు, ఒట్టు పెట్టకు. పో."

"చెప్పాలె మామా" అని వీరేశం పలక తీసుకుని లేచి వచ్చేశాడు. వచ్చేటప్పుడు దగ్గరి తొవ్వ అయినా చాలా సేపు పట్టింది.

పదకొండో రోజు ఎండ ఎక్కకముందే గుడి ముందు జనం పోగయ్యారు. మల్లికార్జున్ బోడిగుండుతో, తెల్లబట్టల్లో ఉన్నాడు. తండ్రి నిలబడి ఉంటే తన భుజం మీది తువ్వాల తీసి బండ మీద పరిచి, "బాపూ, కూసో. కాళ్ళు గుంజుతయి" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ముసలాయన తాగుతుంటే చెంబు కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. ఇదంతా వీరేశం చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకున్నాడు.

పెద్దమనిషి అంజయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏం వీరేశం, ఒట్టు పెడుతవా?"

కురుమయ్య చెంబు కింద పెట్టాడు. బండ మీద అరచెయ్యి ఆనించి లేవబోయాడు. లేవలేక మళ్ళీ ఆనించాడు. "అయ్యా, ఒక మాట..." అన్నాడు. గొంతు పక్కవాళ్ళకు కూడా వినపడలేదు. మల్లికార్జున్ వంగి, "ఏం బాపూ, పానం మంచిగ లేదా?" అని నడుం చుట్టూ చెయ్యి వేశాడు.

వీరేశం బోరింగు దగ్గరి బక్కెట ఎత్తి నెత్తిన గుమ్మరించుకున్నాడు.

దూరంగా ఆడవాళ్ళలో నిలబడ్డ శోభ, "ఏయ్, ఎందుకు!" అని పైకే అన్నది.

"ముత్యాలమ్మ సాక్షి" అన్నాడు వీరేశం. నీళ్ళు కళ్ళలోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు. జేబులోంచి పలక తీసి అందరికీ కనపడేటట్టు పట్టుకున్నాడు. "డీజిల్ కోసం నేను ఏసీ బంద్ చెయ్యలే. బండిల గీ సామాను కాలిపోయి ఎన్నొద్దులైందో నాకు తెల్వది. తెల్సుకోకపోవుడు నా తప్పు. గిది కాలితె గాలి తగ్గిద్దామన్నా మొత్తం ఆగుతది. గా దినం గట్లనే ఆగింది."

ఇంత వరకూ ప్రతి మాటా నిజమే. ఇక్కడితో ఊరుకోనిస్తే ఎంత బాగుండేది! కానీ మల్లికార్జున్ ఊరుకోలేదు. తండ్రిని పట్టుకున్న చెయ్యి వదలకుండానే అడిగాడు. "మరి గాలి తగ్గించింది ఎవలు?"

కురుమయ్య నోరు తెరిచాడు.

"నేనే" అన్నాడు వీరేశం. "అత్త చలి అన్నది. నేనే తగ్గించిన. ముత్యాలమ్మ సాక్షి."

మూడు రోజులు తనకు తెలియని మాట మీద ఒట్టు పెట్టలేక నలిగినవాడు, తెలిసీ తెలిసీ అబద్ధం మీద పెట్టాడు.

నాగరాణి ఏడుపు మధ్యలో, "అవునన్నా, అవ్వ చలి అన్నది. నేను ఇన్న" అన్నది. మల్లికార్జున్ కోపం పోవడానికి దారి దొరకనట్టు నిలబడ్డాడు. చివరికి, "కిరాయి బండి నడిపేటోనివి, సామాను మంచిగున్నదో లేదో చూసుకోవాలెనా వద్దా?" అన్నాడు. చూసుకోవాలె, అన్నాడు వీరేశం. అంజయ్య, దేవుడు చూసుకుంటడు పొండ్రి అన్నాడు. జనం కదిలారు. ఎవరూ వీరేశం దగ్గరికి రాలేదు. కిరాయిల సంగతి ఎవరూ ఎత్తలేదు.

కురుమయ్య కొడుకు చెయ్యి పట్టుకుని నడుస్తూ వీరేశం ముందు ఒక క్షణం ఆగాడు. తల ఎత్తలేదు. మందలోకి కాక, ఇంటి తొవ్వన పోయాడు.

శోభ వచ్చి కొంగుతో అతని తల తుడవబోయి ఆగింది. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. ఎవరికీ వినపడకుండా, "తడిబట్టల మీద అబద్ధమాడినవ్. మనకు ఇద్దరు పిల్లలు" అన్నది.

"నిజం చెప్తె ఆయన బతకడు శోభా."

"మరి మనం?" అన్నది.

వీరేశం గుడి ముందు ఎండలో, ఒంటి మీదే అంగీ అంచులు పిండుకుంటూ నిలబడ్డాడు.